బల్బు మసకబారేదాకా

పొద్దున్నే పొయ్యి మీద టీ మరుగుతుండగా కూతురు గోనెసంచి మోసుకొచ్చి గుమ్మంలో దబ్బున దించింది. ఆ చప్పుడుకే లోపలేముందో తల్లికి తెలిసిపోయింది. ముప్పై ఏళ్లు మొగుడి పక్కన కూర్చుని మోటార్లకి తీగ చుట్టిన మనిషి, ఇనుమూ రాగీ కలిసి పడితే వచ్చే చప్పుడు ఆమెకి వేరే చెప్పాలా?

"నాన్నా, పాత ఇన్వర్టర్లో ట్రాన్స్‌ఫార్మరు. తుక్కులో వచ్చింది. తూకం నేనే వేశాను కాబట్టి బరువెక్కువ తూగలేదులే," అంది కూతురు. పాత సామాన్ల కొట్టులో కాటా దగ్గర పని ఆమెది.

కిటికీ పక్కన కుర్చీలో ఉన్న మేస్త్రి రెండు చేతులూ చాచాడు. "ఒళ్లో పెట్టమ్మా. కాళ్లకి ఎలాగూ బరువు తెలీదు."

షాపులో గొలుసు తెగి మోటారు తన మీద పడ్డప్పటినించీ అతనికి నడుం కింద స్పర్శ లేదు. ఎవరో పుణ్యాత్ములిచ్చిన బ్యాటరీ కుర్చీయే అతని నడక. దాని చార్జరు మూణ్ణెల్ల కిందట కాలిపోయింది. కాలిపోయిందని చెప్పింది భార్య. నిజానికి అది కాలలేదు. పాతగుడ్డలో చుట్టి మురిక్కాలవలో పడేసిందామె.

అలా పడేసిన ముందురోజు రైలు గేటు కాపలావాడు కుర్చీని తోసుకుంటూ ఇంటికి తెచ్చాడు. పట్టాలకి కాస్త ఇవతల ఆగిపోయి ఉందట. "బ్యాటరీ అయిపోయిందమ్మా, అంతే," అన్నాడు పైకి. మేస్త్రిని లోపలికి చేర్చాక గొంతు తగ్గించి, "అది బండి వచ్చే వేళ. ఓ కంట కనిపెట్టుకో తల్లీ," అన్నాడు. ఆ మాట ఆమె కూతురికి చెప్పలేదు. మొగుణ్ణి అడగనూ లేదు. అడిగితే నిజం చెప్పేస్తాడేమోనని భయం.

"ఈ సన్నతీగ వైపు ఇంటి కరెంటు," మేస్త్రి కూతురికి చెబుతున్నాడు. "లావుతీగ కొసల దగ్గర ఇరవైనాలుగు వోల్టులొస్తుంది. దానికి నాలుగు డయోడ్లు, వరసలో ఒక లారీ బల్బు. బ్యాటరీ ఖాళీగా ఉంటే బల్బు బాగా వెలుగుతుంది. నిండేకొద్దీ మసకబారుతుంది."

"నిండాక దానంతటదే ఆగదా?"

"కొన్నదానికున్న తెలివి దీనికెక్కడిది? మనిషి పక్కన కూర్చోవాలి. వేళకి తియ్యకపోతే బ్యాటరీలు ఉడికిపోతాయి."

"ఇద్దరూ కలిసి కొంపకి నిప్పు పెట్టేలా ఉన్నారు," అంది భార్య టీ గ్లాసులు పెడుతూ. "కొత్తది కొందామంటే ఆగరు కదా."

"మూణ్ణెల్లుగా కొంటూనే ఉన్నావుగా అమ్మా. ఇంకో నెల ఎండితే ఆ బ్యాటరీలు లేవవట. ఊళ్లో మోటార్లన్నీ విప్పినదానివి, ఇప్పుడు దీనికి భయమా?"

"వయసొచ్చింది."

"నాన్నకా, నీకా?" నవ్వుకుంటూ కూతురు డయోడ్లు కొనడానికి వెళ్లింది.

మధ్యాహ్నం మేస్త్రి మంచం మీద కునుకు తీశాడు. ఆమె కటింగ్ ప్లేయరు తీసుకుంది. ట్రాన్స్‌ఫార్మరు మీది కాగితం చివర లేపి, లోపలి సన్నతీగ తెంపి, కాగితం మళ్లీ అతికించింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆమె మాత్రం మొగుడి మొహం వైపు చూడలేదు.

సాయంత్రం కూతురు తీగలు కలిపి చూసింది. టెస్టు దీపం వెలగలేదు. "తుక్కు తుక్కే నాన్నా," అంది నీరసంగా.

మేస్త్రి దాన్ని ఒళ్లోకి తీసుకుని కాగితం కిందికి గోరు పోనిచ్చాడు. వేలు ఒకచోట ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది.

"టంకం అయిపోయిందమ్మా. పట్టుకురా."

టంకం చుట్ట అతని మోచేతి పక్కనే ఉంది. కూతురు చూడలేదు. తల్లి చూసింది.

కూతురు గడప దాటగానే, "ఎలకలేమో," అంది, అతను అడక్కుండానే.

"ఎలక తీగ కొరుకుతుంది. కొరికాక కొస మెలేసి ఉంగరం చుట్టదు."

ఆమె వంగి చూసింది. తెగిన కొస చుట్లలోకి జారిపోకుండా చిన్న ఉంగరంలా మడిచి ఉంది. షాపులో ఏ తీగ తెంపినా ఆమె వేళ్లు చేసే పని అది. పాడుచెయ్యాలని తెంపినప్పుడూ అదే చేశాయి.

"చార్జరు కూడా నువ్వేనా?"

"నేనే. గేటతను చెప్పాడు." ఆమె గోడకి ఆనుకుంది. "దారి తప్పానని చెప్పయ్యా. నమ్ముతాను."

"తప్పలేదే. అక్కడికే వెళ్లాను." అతని గొంతులో ఏ మార్పూ లేదు. "పట్టాలు ఎదురుగా ఉన్నాయి, కుర్చీ కదల్లేదు. బండి నా ముందునించే పోయింది. ఆ గాలికి కళ్లల్లో దుమ్ము పడింది. చావడానికి వచ్చినవాణ్ణి, కూర్చుని కళ్లు తుడుచుకున్నాను."

"నేనేమైపోవాలనుకున్నావు?"

"మీ ఇద్దరికీ బరువు తగ్గుతుందనుకున్నాను."

"నీ బరువు ఎవడు తూచాడు? కాటా దగ్గర కూర్చునేది నీ కూతురు. అది ఏనాడైనా ఎక్కువన్నదా? నేనన్నానా?"

"అనలేదు." అతను కిటికీ వైపు చూశాడు. "కానీ మూణ్ణెల్లుగా ఎదురింటి గోడ చూస్తున్నాను. అక్కడైతే ఒక్కసారే పోయేవాణ్ణి. ఇక్కడ రోజూ పోతున్నాను."

ఆమె కూలబడింది. వేళకి అన్నం పెట్టింది, ఒళ్లు తుడిచింది, పక్క మార్చింది. ఊపిరాడుతోంది కదా, ఇంకేం కావాలి అనుకుంది. ఇంతకాలం తను కాపలా కాసింది ఊపిరికి, మనిషికి కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"రోజూ నేను తోసుకెళ్తానయ్యా, ఎక్కడికంటే అక్కడికి."

"నేను వెళ్లడం వేరు, నన్ను తీసుకెళ్లడం వేరు."

"అయితే మళ్లీ అటు వెళ్లనని ఒట్టెయ్యి."

"అబద్ధపు ఒట్టు నీకెందుకు? ఆ ఆలోచన వస్తే ముందు నీకు చెప్తాను. నా వల్ల అయ్యేది అదొక్కటే. నమ్మకమున్నంత మేరకే చార్జి పెట్టు. వీధి చివరిదాకానే అంటే అంతే పెట్టి తీసెయ్యి."

కూతురు టంకంతో వచ్చేసరికి తల్లి బ్లేడుతో తీగ మీది పూత గీకుతోంది.

"తెగిందా?"

"నేనే తెంపాను. కూర్చో. ఎందుకో మీ నాన్న ముందే చెప్తాను."

చెప్పింది. కూతురు తండ్రి ఒళ్లో తల పెట్టుకుంది. ఆ తల బరువు అతనికి తెలియలేదు కానీ, ఆమె జుట్టులో వేళ్లు పెట్టి అలాగే ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున స్విచ్ వేశారు. లారీ బల్బు గదంతా పచ్చగా వెలిగింది. భార్య ముక్కాలిపీట లాక్కుని పక్కనే కూర్చుంది. మధ్యాహ్నానికి వెలుగు సగానికి తగ్గింది. వీధి చివరికి వెళ్లి రావడానికి ఇది చాలు. ఆమె చెయ్యి స్విచ్ దాకా వెళ్లింది. మేస్త్రి బతిమాలలేదు, ఆమె వైపు చూడనూ లేదు. కాసేపటికి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. బల్బులో తీగ మాత్రం ఎర్రగా మిగిలేదాకా అలాగే కూర్చుని, అప్పుడు లేచి ఆపింది.

కుర్చీ గుమ్మం దాటింది. ఎటు అని ఆమె అడగలేదు. అది వీధి మలుపు తిరగ్గానే కూతురు చెప్పులేసుకోబోయింది.

"వెనకాలే వెళ్తానమ్మా. కనిపించకుండా."

"వద్దు," అంది తల్లి కూతురి మణికట్టు పట్టుకుని. కూతుర్ని ఆపడానికో, తనే పరుగెత్తకుండా ఉండటానికో ఆమెకే తెలీదు. మలుపు అవతలినించి కుర్చీ మోటారు చప్పుడు మళ్లీ వినబడేదాకా ఆ పట్టు వదల్లేదు.