రెండుసార్లు తట్టిన చెక్క

నవంబరు పదిహేడు, గురువారం, రాత్రి పదకొండూ నలభై. గోడ గడియారం చూసి మరీ గుమ్మం దాటాడు కాబట్టి ఆ వేళ విషయంలో మా వాళ్లెవరికీ ఈ రోజుకీ అనుమానం లేదు.

వెళ్లింది దూరమేమీ కాదు. పెరటి గోడకి అవతల, సందు చివరనున్న వడ్రంగి షెడ్డుకి. వెళ్లినవాడు తమ్ముడు. షెడ్డు వాళ్ల అన్నయ్యది. అన్నయ్య పోయి అప్పటికి మూడేళ్లు.

ఆ షెడ్డుకి మంచి పేరు లేదు. రాత్రిళ్లు సందులో నడిచేవాళ్లు అక్కడికొచ్చేసరికి తెలియకుండానే అడుగు పెంచుతారు. తాళం వేసిన తలుపు వెనక ఎవరో ఒక్క తీగ మీటి ఊరుకుంటారట. ఒక్కటే మీటు... తర్వాత చప్పుడుండదు. పాల ప్యాకెట్లు వేసే ఆయన ఒకసారి విన్నాడు. మర్నాటి నుంచి చుట్టు తిరిగి వస్తున్నాడు. వీధి కాపలాదారునడిగితే ఆ సందు తన డ్యూటీలోనే లేదంటాడు.

అన్నయ్య పగలు తలుపులూ కిటికీలూ చేసేవాడు. పొద్దుపోయాక తన సరదా కోసం గిటార్లు చేసేవాడు. ఏ చెక్క చేతికొచ్చినా బొటనవేలి కణుపుతో రెండుసార్లు తట్టి, తల పక్కకి వంచి వినేవాడు. ఎండిందో లేదో దాని నోటితోనే చెబుతుందనేవాడు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, గిటారు వాయించబోయే ముందు కూడా చెక్కని తట్టేవాడు. టక్... టక్... ఆ తర్వాతే తీగ.

వదిన కడుపుతో ఉన్నప్పుడు పుట్టబోయే బిడ్డ కోసం ఒక బాణీ కట్టాడు. మొదటి సగం తమ్ముడికి నేర్పాడు, వదినకీ నేర్పాడు. రెండో సగం అడిగితే, "ఇంకా కుదర్లేదురా, ఎండనీ" అనేవాడు. పాప పుట్టింది, నడిచింది, బడికెళ్లింది. బాణీ ఎండుతూనే ఉంది. ఇంతలో ఆయనకి జ్వరం వచ్చింది, ఆసుపత్రికి వెళ్లాడు, తిరిగి రాలేదు.

ఆ గురువారం గడిస్తే, మర్నాడు పాపకి ఎనిమిదేళ్లు నిండుతాయి. నెలకిందట అది బాబాయి ఒళ్లో కూర్చుని ఒకే ఒక్కటి అడిగింది.

"నాన్న పాట చివరిదాకా వాయిస్తావా?"

వాయిస్తానన్నాడు. ఆలోచించేలోపే ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. అప్పట్నుంచి వాడికి కంటిమీద కునుకు లేదు. రెండో సగం వాడికి రాదు. తను అల్లిన ముగింపులన్నీ అబద్ధాల్లా ఉన్నాయి. పాప పుట్టిన దగ్గర్నుంచి మొదటి సగం వింటూ పెరిగిన పిల్ల. దాని చెవిని మోసం చేయడం వాడి వల్ల కాదు.

తన పాత గిటారు వంకరపోయింది, అందుకే చేతులు పలకడం లేదని సాకు చెప్పుకుని, ఆ గురువారం పొద్దున కొత్తది కొనడానికి బయల్దేరాడు. వాడు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. సెలవు పెట్టాడు. తోడుగా ఫ్యాన్లు బాగుచేసే స్నేహితుడొచ్చాడు. వీధంతా వాణ్ని కెపాసిటర్ అనే పిలుస్తుంది. వాడికీ గిటారు పిచ్చే.

దుకాణంలో గోడ నిండా గిటార్లు. తమ్ముడు ముందు ముదురెరుపు ఎలక్ట్రిక్ గిటారు ఎత్తుకున్నాడు. ఉత్తినే మీటితే దోమ రొదంత వినిపించింది. దుకాణం ఆయన దాన్ని స్పీకరు పెట్టెకి, వాళ్ల భాషలో ఆంప్‌కి, కలిపాడో లేదో, గుండెల్లో గుయ్యిమంది. తర్వాత లేత రంగు చెక్కతో చేసిన మామూలు గిటారు దింపాడు. దాని కడుపులోనూ చిన్న మైకు అమర్చి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అన్నయ్య షెడ్డు వాసన వచ్చింది. ఇక దాన్ని కింద పెట్టలేకపోయాడు.

"ఒకటి కొంటానని వచ్చి కవలల్ని ఎత్తుకెళ్తున్నావు. ఇంట్లో ఏం చెప్తావురా?" అన్నాడు కెపాసిటర్.

"ఒకటి నీదని చెప్తా."

"ఊరికే చూడ్డానికొచ్చి నేనూ ఒకటి కొన్నాగా. దీన్నేం చెయ్యను?"

"అదీ నీదేనని చెప్తా. నీకు రెండున్నాయంటే, ఒక్కటే కొన్నానని మా ఇంట్లో నన్ను మెచ్చుకుంటారు."

బ్యాటరీతో నడిచే చిన్న ఆంపూ, వైరు అక్కర్లేకుండా చేసే ఒక జత బిళ్లలూ కూడా తీసుకున్నారు. ఒక బిళ్ల గిటారుకి గుచ్చాలి, రెండోది ఆంప్‌కి. గిటారు ఈ గదిలో ఉంటే శబ్దం ఆ గదిలో రావచ్చు. గోడ అడ్డమున్నా వంద అడుగుల దాకా ఢోకా లేదన్నాడు దుకాణం ఆయన.

సాయంత్రం ముందుగదిలో ఒకటే సందడి. ఎర్ర గిటారుకి బిళ్ల గుచ్చి వాయించాడు, తీసి లేత గిటారుకి గుచ్చి వాయించాడు. మళ్లీ దీనికి, మళ్లీ దానికి. పాప చప్పట్లు కొట్టింది. వదిన వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. లేత గిటారు వంకే చూసింది. అన్నయ్య పోయాక ఆవిడ తీగ ముట్టుకోలేదు. రోజూ దేవుడి దగ్గర దణ్ణం పెట్టుకున్నాక ముందుగదిలో ఒకప్పుడు అన్నయ్య గిటారు వేలాడిన ఖాళీ మేకు వంక ఒకసారి చూసి వెళ్లేది, అంతే. ఆ సాయంత్రం తమ్ముడు లేత గిటారుని ఆ మేకుకే తగిలించాడు.

అందరూ పడుకున్నాక ఎర్ర గిటారూ, బిళ్ల గుచ్చిన ఆంపూ, టార్చీ పట్టుకుని, తలుపు వెనకనుంచి షెడ్డు తాళంచెవి తీసుకున్నాడు. ఇంట్లో వాయిస్తే పాప వింటుంది. తెల్లారేలోపు ఒక ముగింపు దొరకాలి. దొరికితే అన్నయ్య కూర్చున్నచోటే దొరకాలి.

తాళం బిగుసుకుపోయింది. రెండు చేతులతో తిప్పాడు. తలుపు మూలిగింది.

లోపల రంపపు పొట్టు వాసన... మూడేళ్లయినా పోలేదు. టార్చి వెలుగులో బల్ల, బల్లమీద చిత్రిక, గోడకి అన్నయ్య పాత గిటారు. దుమ్ము దాని మీద బొంతలా ఉంది.

తమ్ముడు అన్నయ్య పీట మీద కూర్చున్నాడు.

గుయ్...

ఒక్క తీగ. ఒక్కటే మీటు.

టార్చి గోడ మీదికి తిప్పాడు. పాత గిటారు దగ్గర ఎవరూ లేరు. పెద్ద రోడ్డు మీద లారీ వెళ్తున్న అదురు కాళ్ల కింద తెలుస్తోంది. లారీ దూరమైంది... తీగ ఊరుకుంది. మరో లారీ వచ్చింది... తీగ మళ్లీ గుయ్యిమంది.

తమ్ముడు ఊపిరి వదిలాడు. మూడేళ్లుగా సందుని హడలగొడుతున్న దెయ్యం ఇదా? పాలాయనకి రేపే చెప్పాలి, పాపం తిరుగుడు తప్పుతుంది.

నవ్వుకుంటూ ఆంప్ బల్లమీద పెట్టి, స్విచ్చి నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. ఎర్ర గిటారు ఒళ్లో పెట్టుకుని తీగల మీద చెయ్యేశాడు.

శబ్దం రాలేదు.

శబ్దం పెంచే మీట పూర్తిగా తిప్పాడు. మళ్లీ వాయించాడు. చేతి కింద దోమ రొద తప్ప ఆంప్‌లోంచి ఏమీ లేదు. కొత్త సరుకు, ఏం తిరకాసుందో... గిటారు పక్కన పెట్టి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు మోగింది... ఆంప్.

ఎవరూ ముట్టుకోలేదు. వాడి చేతులు వాడి మోకాళ్ల మీదే ఉన్నాయి.

మొదట ఒక స్వరం, తడుముకుంటున్నట్టు. తర్వాత రెండు. తర్వాత... వాడు గుర్తుపట్టాడు. అది అన్నయ్య బాణీ. వాళ్లింట్లో తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ తెలియని బాణీ.

"దేవుడా," అన్నాడు, పెదవులతోనే.

లేచి పారిపోవాలి. కాళ్లు లేవలేదు. భయం ఒక్కటే కాదు కారణం. ఇప్పుడు పారిపోతే... రెండో సగం?

బాణీ మెల్లగా నడిచింది. తప్పింది, ఆగింది, మళ్లీ అందుకుంది. వాడెప్పుడూ చిక్కుకుపోయే మలుపు దగ్గరికొచ్చింది.

ఠప్.

ఏదో తెగినట్టు... అంతే. ఆంప్ ఊరుకుంది.

షెడ్డంతా నిశ్శబ్దం. ఒకటి... రెండు... పది దాకా లెక్కపెట్టుకున్నాడు. ఇక లేదనుకుని లేవబోయాడు.

టక్... టక్...

కణుపుతో చెక్క మీద తట్టినట్టు. తొందర లేకుండా.

ఆ తర్వాత బాణీ మలుపు తిరిగింది.

ఇప్పుడు తడుముకోవడం లేదు. ఇల్లు తెలిసిన మనిషి చీకట్లో నడిచినట్టు సాగుతోంది. తమ్ముడికి తెలియకుండానే ఎర్ర గిటారు చేతిలోకొచ్చింది. నోరులేని ఆ గిటారు మీద, వినపడుతున్నదాని వెంటే వేళ్లు కదిపాడు. కళ్లనీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. చివరికి మూడు స్వరాలు... ఒకదాని తర్వాత ఒకటి మెట్లు దిగినట్టు దిగి, ఆగిపోయాయి.

అప్పుడొచ్చాయి కాళ్లకి ప్రాణాలు. తలుపు వెయ్యలేదు, ఆంప్ ఆపలేదు, చెప్పులు కూడా అక్కడే వదిలేశాడు. గిటారు గుండెకి హత్తుకుని ఒక్క పరుగున ఇంట్లో పడ్డాడు.

ముందుగదిలో చీకట్లో ఎవరో కూర్చుని ఉన్నారు.

"ఎవరు..."

"నేనే. అరవకు, పాప లేస్తుంది." వదిన గొంతు.

దీపం వేశాడు. లేత గిటారు ఆవిడ ఒళ్లో ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గిటారు అంచున బిళ్ల గుచ్చి ఉంది. దాని మీద ఆకుపచ్చ చుక్క మినుకుమంటోంది.

తమ్ముడు బిళ్లని చూశాడు, తన ఎర్ర గిటారుని చూసుకున్నాడు. బిళ్ల ఉండాల్సిన బెజ్జం ఖాళీ. సాయంత్రం సంబరంలో దానికీ దీనికీ మార్చి మార్చి, చివరికి లేత గిటారుకే వదిలేశాడు. ఇక్కడ వదిన మీటింది, అక్కడ ఆంప్ మోగింది. గోడ కూలినట్టు కూలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"మీరా వదినా? చచ్చి బతికాను. షెడ్డులో అంతా వినిపించింది."

వదిన సిగ్గుపడింది. "దాన్ని ఆ మేకుకి ఎందుకు తగిలించావయ్యా... మూడేళ్లు ఆపుకున్న చెయ్యి ఆగలేదు."

"ఎన్నాళ్లకి వాయించారు. అన్నయ్య మీకు చివరిదాకా నేర్పాడని నాకెందుకు చెప్పలేదు? నేను నెల రోజులుగా తల బాదుకుంటుంటే."

వదిన వాడి మొహంలోకి చూసింది.

"చివరిదాకా ఎక్కడ? నాకొచ్చింది సగమే, నీలాగే. అదీ పూర్తి కాలేదు. మలుపు దగ్గర తీగ తెగింది. అప్పట్నుంచి ఇలాగే కూర్చున్నా."

గిటారు కొంచెం పైకెత్తి చూపించింది. సన్నతీగ తెగి, చుట్టుకుని, చెక్క మీద పడి ఉంది.

తమ్ముడి నవ్వు ఆగిపోయింది.

"తర్వాత... చెక్క తట్టారా?"

"నేనెందుకు తడతాను?" అంది వదిన. అని, వాడేం అడిగాడో అర్థమై, గిటారుని మెల్లగా ఒళ్లోంచి దించి పక్కన పెట్టింది.

ఆ రాత్రి ఇద్దరూ పడుకోలేదు.

పొద్దున్నే కెపాసిటర్ కొత్త తీగ తెచ్చి బిగించాడు. "కొన్న రోజే తెంపారంటే మామూలు వాళ్లు కాదు," అన్నాడు. ఎవరూ నవ్వకపోతే, తప్పు మాట అన్నాననుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పాప కొత్త గౌనులో వచ్చి బాబాయి ఎదురుగా బాసింపట్టు వేసుకుంది.

తమ్ముడు లేత గిటారు తీసుకుని మొదటి సగం వాయించాడు. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తర్వాత వేళ్లు నడిచాయి.

పాప కదల్లేదు. చివరి మూడు స్వరాలూ దిగాక, "ఇది నాన్నదే," అంది, అడిగినట్టు కాదు, చెప్పినట్టు.

వదిన టీ గ్లాసు కింద పెట్టింది.

"ఆసుపత్రికి వెళ్లే ముందు రాత్రి ఒక్కసారి వాయించారు," అంది నెమ్మదిగా. "ఇన్నాళ్లకి ఎండింది, అన్నారు. ఎలా ఉండేదో నాకు గుర్తులేదు. ఇప్పుడు వింటే తెలిసింది. ఆ మూడు స్వరాలూ అవే. నేను తప్ప ఎవరూ వినలేదు."

తర్వాత అందరూ కలిసి షెడ్డుకి వెళ్లారు. తలుపు రాత్రి వదిలినట్టే తెరిచి ఉంది. వదిన పొట్టు ఊడ్చింది. కెపాసిటర్ కిటికీ తెరిచాడు. పాప పాత గిటారు మీద దుమ్మంతా తన చిన్న రుమాలుతో తుడిచింది. బల్లమీద ఆంప్, దాని ఎర్ర దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

వచ్చేటప్పుడు వదిన తాళం చేతిలోకి తీసుకుంది. గుమ్మంలో కాసేపు నిలబడింది. తలుపు దగ్గరగా వేసి, తాళం వెయ్యకుండానే కొంగున కట్టుకుని ఇంటికొచ్చేసింది.

ఆంప్ ఆపుదామని ఎవరూ అనలేదు.