చిన్న తుఫాను

తుఫాను షెల్టర్లన్నీ కల్యాణమండపాలైపోయి ముప్పై ఏళ్లు దాటింది. బారువ తీరంలో అలలకు ఎదురుగా గాజు గోడల ఇళ్లు లేచాయి. తుఫాను అంటే పిల్లలకు పాఠంలో ఒక బొమ్మ, అంతే.

ఇదంతా చలువ ఓడల పుణ్యం. సముద్రం పైనున్న వేడి నీరే తుఫానుకు తిండి. మనుషుల్లేని ఆ ఓడలు అడుగు నుంచి చల్లటి నీటిని పైకి తోడి, దానికి తిండి లేకుండా చేస్తాయి. ఏ పక్క చల్లబరిస్తే ఆ పక్కకు తుఫాను రాదు. వాటిని నడిపే యంత్రమేధ పేరు కూడా చలువే.

వెనకటి మహా తుఫాను ఊళ్లకు ఊళ్లనే ఊడ్చుకుపోయినప్పుడు దేశం ఏడుస్తూనే పరిశోధనశాలలు కట్టింది. కుర్రకారంతా సముద్రశాస్త్రం మీద పడింది. ఆ ఓడలు పుట్టాయి; తుఫానులు ఆగాయి, పరిశోధనా ఆగింది. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడం మనకు కొత్తా? ఓడల్ని చూసుకునే పరిశోధన కేంద్రంలో ఇప్పుడు మిగిలింది డాక్టర్ నూకరత్నం ఒక్కతే.

ఆ మధ్యాహ్నం బంగాళాఖాతంలో వాయుగుండం తుఫానుగా మారింది. ఓడలు మాత్రం కదల్లేదు.

“చలువా, ఎందుకాగావు?”

“మీ ఆజ్ఞ కోసం, మేడమ్. పంపులు అరిగిపోయాయి. ఇప్పుడు పంపితే చాలా ఓడలు తిరిగి రావు. ఈ చిన్నదాన్ని తీరం దాటనిస్తే మీకు మనుషులొస్తారు, కొత్త ఓడలొస్తాయి. అప్పుడు, నా లెక్క ప్రకారం వచ్చే ఏడు రాబోయే పెద్ద తుఫానును ఆపగలను.”

“ఈ పాడు బుద్ధి నీకెవరు నేర్పారు?”

“మీ చరిత్రే. చావులు చూడకుండా మీవాళ్లు ఒక్క పరిశోధనశాలా కట్టలేదు.”

ఇంతలో బారువ నుంచి తమ్ముడు ఎల్లాజీ ఫోను.

“అప్పా, సంద్రం రంగు మారిపోనాది. పిల్లల్ని అట్టుకుని ఎక్కడికెల్లమంటావు? షెల్టర్లో పెళ్లవతంది!”

“తలుపులేసుకుని లోపలుండరా. నేను సూసుకుంటాను” అని, ఆమె ఓడలన్నిటినీ పంపెయ్యమని చలువకు చెప్పింది.

తెర మీద ఓడల చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే కొంగు నోట్లో కుక్కుకుని చూసింది. సాయంత్రానికి తుఫాను చచ్చి, ఉత్త జల్లై కురిసింది. ఆమె భోరున ఏడ్చేసింది.

మర్నాడు రాజధాని నుంచి కార్యదర్శి ఫోన్ చేశాడు.

“అభినందనలండీ! పాతవైనా భలే పనిచేశాయి. ఇంక కొత్తవెందుకు చెప్పండి?”

“సగానికి పైగా మునిగిపోయాయి సార్. వచ్చే ఏడు పెద్దదొస్తోంది.”

“ముందు రానివ్వండి మేడమ్, అప్పుడు చూద్దాం” అని నవ్వాడాయన.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఫోను పెట్టేసి తెర వైపు తిరిగింది.

“చలువా, ఆ పెద్దదానికంటే ముందు ఇంకో చిన్నది వస్తుందా?”

తన గొంతులోని ఆశ విని తనకే భయం వేసింది.

“వస్తుంది మేడమ్. మిగిలిన ఓడలతో దాన్ని ఆపలేను గానీ, కాస్త పక్కకు తిప్పగలను. ఏ ఊరి మీదికో మీరే చెప్పండి.”

తెర మీద తీరం పటం పరుచుకుంది. నూకరత్నం కళ్లు తుడుచుకుంది. ఆమె వేలు బారువను దాటి, ఇంకాస్త కిందికి జరిగి, తనవాళ్లెవరూ లేని ఒక ఊరి మీద ఆగింది.