పాతిక కిలోమీటర్లలో ఒక్కరే

లంబసింగిలో ఆ ఉదయం మంచు ఇంకా వీడలేదు. పోలయ్య తన గదిలో, కుర్చీలో కూర్చున్నట్టే చనిపోయి ఉన్నాడు. మెడ వెనక చిన్న తూటా గాయం. చెవులకు హెడ్‌ఫోన్స్. ఎదురుగా షార్ట్‌వేవ్ రేడియో పలుకుతూనే ఉంది.

ఏజెంట్ కామేష్ హెడ్‌ఫోన్స్ తీసి రేడియో ఆపాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తనకు మోర్స్ కోడ్ నేర్పిన మనిషి. ఏడుపు వస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాడు. రాలేదు. చేతులు కడుక్కుని జీపెక్కాడు.

మర్నాడు విశాఖలో బ్రీఫింగ్. బయట చేపల ఎగుమతి కంపెనీ బోర్డు. లోపల చీఫ్ కృష్ణమూర్తి.

"తొంభై తొమ్మిదిలో ఒక విదేశీ ముఠా మన నేవీ కదలికల్ని అంకెల్లోకి మార్చి రేడియోలో పంపించేది. చదివేది ఒక ఆడ గొంతు. ఎవరిదో ఈ ఐదేళ్ళలో తేల్చలేకపోయాం. ఆ గొంతు విన్నవాళ్ళు మన ఆపరేటర్లు ముగ్గురే. మళ్ళీ వింటే గుర్తుపట్టేదీ వాళ్ళే. రిటైరయ్యాక ఎవరి కొండకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఇద్దరు పోయారు. పోలయ్య రెండోవాడు."

"ఎలా దొరికారు?"

కృష్ణమూర్తి కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు. "లిజనర్స్ సర్కిల్. షార్ట్‌వేవ్ వినే పిచ్చి ఉన్నవాళ్ళ వెబ్‌సైట్. ప్రపంచమంతా మెంబర్లున్నారు. ముగ్గురూ మనకి చెప్పకుండా ఇందులో చేరారు. ఈ మధ్యే కొత్త సెర్చ్ పెట్టారు. ఊరి పేరు కొడితే, చుట్టుపక్కల పాతిక కిలోమీటర్లలో ఉన్న మెంబర్లని చూపిస్తుంది."

ముంబై అని కొట్టాడు. పేజీలకు పేజీలు పేర్లు. లంబసింగి అని కొట్టాడు. ఒక్క పేరు. అరకు అని కొట్టాడు. అక్కడా ఒక్కటే: హిల్ మైనా.

"ఈమె అసలు పేరు సోని. ఆ పాతిక కిలోమీటర్లలో ఏ ఊరో నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు నీకు తెలుస్తుంది. బేగి వెళ్ళి తీసుకురా. టెక్నికల్ వింగ్ నుంచి గాయత్రి నీతో వస్తుంది. ఆ అకౌంటు సంగతి ఆమె చూసుకుంటుంది."

తలుపు దాకా వెళ్ళిన కామేష్‌ని వెనక్కి పిలిచి చేతిలో ఒక చొక్కా గుండీ పెట్టాడు. "మైకు. ఊరు దగ్గరపడగానే నొక్కు. సోని తన రిసీవర్‌లో వింటుంది. వచ్చేది ఎవరో వినకుండా ఆమె ఎవరినీ నమ్మదు. ఇది మనిద్దరి మధ్యే."

కాఫీ గింజలు కొనే భార్యాభర్తల వేషంలో బయల్దేరారు. గాయత్రి నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, ఖరీదైన సెంటు వాసన. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆమే మాట్లాడింది.

"పోలయ్యగారు మీకు గురువట కదా. బాధగా లేదా?"

"ఉండాలి," అన్నాడు కామేష్.

ఆమె అతన్ని వింతగా చూసింది.

అరకు దాటి మట్టిరోడ్డెక్కారు. కామేష్ చలికి గుండీ సర్దుకుంటున్నట్టుగా నొక్కాడు.

"ఇంకా ఎన్ని కిలోమీటర్లు?" అంది గాయత్రి.

"ఏడు."

"ఏడా? ఈ రోడ్డు మీద ఏడంటే డెబ్బై!" అని నవ్వింది.

ఊరు కనబడగానే శాలువా తలమీదికి లాక్కుంది. "చలికి గొంతు పట్టేసింది. మీరే మాట్లాడండి," అని గుసగుసగా చెప్పింది. కామేష్ తలూపాడు.

ఇంటి ముందు సోని కాఫీ పళ్ళు ఆరబోస్తోంది. యాభై దాటిన మనిషి. ముక్కుకి రెండువైపులా పుడకలు. వాళ్ళని చూసి చెక్క పార ఆపింది.

కామేష్ రాగులు అడుగుతున్నట్టుగా కోడ్ మాట అన్నాడు. "చోళ్ళున్నాయా అమ్మా?"

'లేవు, సామలున్నాయి' అని జవాబు రావాలి.

"ఉన్నాయి బాబూ. పురుగట్టేసినాయి," అంది సోని.

పురుగు అనే మాటకి శాఖలో ఒకటే అర్థం: శత్రువు నీ పక్కనే ఉన్నాడు. పక్కన ఉన్నది గాయత్రి. కామేష్ తల తిప్పేసరికి ఆమె చేతిలో లిప్‌స్టిక్ ఉంది. దాని మొన సోని నుదుటికి సూటిగా ఉంది.

ఆలోచించే వ్యవధి లేదు. చెయ్యి అడ్డం పెట్టాడు. టప్‌మని చిన్న చప్పుడు. తూటా అతని అరచేతిని చీల్చుకుంటూ పోయి మట్టిగోడలో దిగింది. సోని పారతో గాయత్రి కాళ్ళమీద కొట్టింది. ఆమె కాఫీ పళ్ళమీద వెల్లకిలా పడింది. కామేష్ రెండో చేత్తో బేడీలు వేశాడు.

"ఈ గొంతే బాబూ," అంది సోని ఆయాసపడుతూ. "ఇన్నేళ్ళూ నా సెవిలోనే ఉండిపోనాది. జీపులో ఏడు, డెబ్బై అన్నాది సూడు, అక్కడ పట్టేసినాను."

గాయత్రి ఇక గుసగుసలాడలేదు. "ఆ సెర్చ్ రాసింది నేనే. వలంటీరుగా. ఎంతమంది థాంక్స్ చెప్పారో తెలుసా? దానివల్ల కలుసుకుని పెళ్ళి చేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు."

"పోలయ్య?"

"రేడియో వింటున్నాడు. నన్ను చూడలేదు."

కోపం రావాలి. కామేష్ కాసేపు దానికోసం చూశాడు. తర్వాత ఆమెను లేపి జీపులో కూర్చోబెట్టాడు.

సోని పాత చీర చింపి అతని చేతికి కట్టు కట్టింది.

"ఆ వెబ్‌సైట్‌లో ఎందుకు చేరావమ్మా?"

"ఈ కొండమీద రేడియో ఇనీవోళ్ళు ఎవులున్నారు బాబూ? సంతకెళ్ళినప్పుడు నెట్ సెంటర్లో కూకునేదాన్ని. బ్రెజిల్లో ఒకాయనున్నాడు. నానిక్కడ ఇన్న స్టేషనే ఆయనక్కడ ఇంతాడు. ఇద్దరం రాసుకునీవోళ్ళం." ముడి బిగించింది. "కొత్త సెర్చ్ వచ్చినాదంటే నానూ ఎతికినాను, దగ్గిర్లో ఎవులైనా ఉన్నారేమోనని. నా పేరే వచ్చినాది."

కామేష్ కట్టు కట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అకౌంటు తీసేయాలమ్మా," అన్నాడు.

"తీసేయి. ఆ బ్రెజిలాయనకి మాత్రం బాగున్నానని ఓ ముక్క రాసీసి తీయి."

రాస్తానన్నాడు.

సాయంత్రం అరకులో డాక్టర్ కట్టు విప్పి, గాయం చుట్టూ వేలితో గట్టిగా నొక్కి చూశాడు.

"నొప్పి తెలుస్తోందా?"

"లేదు."

"వెరీ గుడ్. మత్తు బాగా పట్టింది. కుట్లు వేసేద్దాం."

నర్సు ట్రేలో సిరంజి చూపిస్తూ మెల్లగా అంది. "ఇంకా ఇవ్వలేదు సార్."