'అంతా సవ్యం' అన్న స్క్రీన్

మధ్యాహ్నం మూడుంపావు. ఐ.సి.యు.లో నాలుగో నంబర్ గది.

పేషంట్ చనిపోయాడు. వెంటిలేటర్ గొట్టం జాయింట్ దగ్గర ఊడి దుప్పటి కింద పడి ఉంది. స్క్రీన్ మాత్రం పచ్చగా వెలుగుతోంది.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి చనిపోయినతని భార్య నర్సు జుట్టు పట్టుకుని ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్లు ఎలాగో విడదీశారు.

"ఈవిడే చంపేసింది! మెషిన్ అరుస్తుంటే దాని నోరు నొక్కేసి పోయింది!"

నర్సు ఏడవలేదు. ఊడిన జుట్టు విసురుగా ముడేసుకుంది.

"అలారం మోగగానే వచ్చారా?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"పరుగెత్తుకుంటూ వచ్చాను మేడమ్."

"స్క్రీన్ మీద ఏముంది?"

"అంతా సవ్యం అని."

"మరి అలారం ఎందుకు మోగినట్టు?"

"ఈ కొత్త మెషిన్లు ఊరికే కూస్తాయి. అప్పుడే పక్క గదిలో ఆయనకి ఫిట్స్ వచ్చాయి. స్క్రీన్ చూశాను, అలారం ఆపాను, అటు పరుగెత్తాను. దుప్పటి ఎత్తి చూడలేదు. అది నా తప్పే. కానీ అబద్ధం మాత్రం చెప్పట్లేదు!"

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్ వైపు తిరిగింది.

"శవాన్ని పోస్ట్‌మార్టమ్‌కి పంపించు. మెషిన్ జోలికి ఎవరూ వెళ్లొద్దు. స్విచ్ కూడా ఆపొద్దు. గదికి తాళం వెయ్యి."

మర్నాడు కంపెనీ రిపోర్టు వచ్చింది. 'గొట్టం ఊడింది' అనే హెచ్చరిక వెళ్లింది. నర్సు దాన్ని ఆపేసింది. రెండే ముక్కలు. ఆ మధ్యాహ్నానికే ఆసుపత్రి నర్సును సస్పెండ్ చేసింది.

ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్లు మండింది. మరుసటి రోజు అందరినీ అదే గదికి పిలిపించింది. కంపెనీ డైరెక్టర్, అతని ప్రోగ్రామర్, నర్సు, చనిపోయినతని భార్య.

డైరెక్టర్ లాప్‌టాప్ తెరిచాడు.

"చూడండి మేడమ్. స్క్రీన్ మీద వచ్చే మాటలన్నీ ఈ ఫైల్‌లోనే ఉంటాయి. ఇదిగో, 'గొట్టం ఊడింది'. అక్షరం పొల్లు పోలేదు. నమ్మకపోతే మెషిన్ ఒకసారి ఆపి ఆన్ చెయ్యండి, మీకే కనిపిస్తుంది."

"నిన్న ఫోన్‌లోనూ ఇదే చెప్పారు. ఆపి ఆన్ చెయ్యమని."

"మామూలు పద్ధతే కదా."

ఇన్‌స్పెక్టర్ ప్రోగ్రామర్ వైపు చూసింది.

"మెషిన్ ఈ ఫైల్ ఎప్పుడు చదువుతుంది?"

"ఆన్ చేసినప్పుడు మేడమ్. ఒక్కసారే. ఆ తర్వాత ఫైల్ మారినా, ఆపి ఆన్ చేసేదాకా పాత మాటలే చూపిస్తుంది."

డైరెక్టర్ లాప్‌టాప్ మూసేశాడు.

"ఈ మెషిన్ మొన్నటి నుంచీ ఆగలేదు," అంది ఇన్‌స్పెక్టర్. గొట్టానికి టెస్ట్ కోసం రబ్బరు సంచి తగిలించమంది. మెషిన్ సంచిలోకి గాలి ఊదింది. ఇన్‌స్పెక్టర్ గొట్టం పట్టుకుని లాగేసింది.

అలారం గీపెట్టింది. స్క్రీన్ మీద అక్షరాలు వచ్చాయి.

అంతా సవ్యం.

నర్సు గోడకు ఆనుకుంది.

"ఇప్పుడు చెప్పు," ప్రోగ్రామర్ మీద విరుచుకుపడింది ఇన్‌స్పెక్టర్. "ఈ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"ఫైల్‌లో ప్రతి మాటకీ ఒక పేరుంటుంది మేడమ్. ప్రోగ్రామ్ ఆ పేరుతో వెతుకుతుంది. పాత ఫైల్‌లో గొట్టం హెచ్చరిక పేరు తప్పు పడింది. ఒక్క అక్షరమే. పేరు దొరక్కపోతే 'అంతా సవ్యం' అని చూపిస్తుంది."

"దొరకలేదని చెప్పి చావొచ్చుగా!"

"మొదట్లో అలాగే రాశాను. దొరకని పేరు ఉన్నదున్నట్టు స్క్రీన్ మీద పడేది. ఎగ్జిబిషన్‌లో ఆ పిచ్చి అక్షరాలు చూసి ఎవరో నవ్వారట. సార్ మార్చమన్నారు. ప్రమాదం మేడమ్, వద్దని మొత్తుకున్నాను. ఉద్యోగం కావాలా వద్దా అన్నారు."

"ఫైల్‌లో తప్పు ఎవరు దిద్దారు? ఎప్పుడు?"

"మొన్న సాయంత్రం. ఆఫీసు నుంచే, నెట్‌వర్క్‌లో. సార్ పాస్‌వర్డ్‌తో."

"మనిషి పోయిన గంటకి!" ఇన్‌స్పెక్టర్ డైరెక్టర్ వైపు తిరిగింది. ఆమె గొంతు గదంతా మోగింది. "తప్పేంటో తెలిసింది. దిద్దావు. దిద్దాక కూడా ఈ అమ్మాయి మీదికి తోశావు!"

"కంపెనీ మీద రెండొందల కుటుంబాలు బతుకుతున్నాయి..." అన్నాడు డైరెక్టర్.

చనిపోయినతని భార్య లేచి వచ్చి అతని చెంప ఛెళ్లుమనిపించింది. కానిస్టేబుల్ ఆపబోయి, ఇన్‌స్పెక్టర్ మొహం చూసి ఆగిపోయాడు.

"తీసుకెళ్లండి," అంది ఇన్‌స్పెక్టర్.

"ఆగండి!" నర్సు అరిచింది. డైరెక్టర్‌కు అడ్డంగా నిలబడింది. "మీరు ఫైల్ దిద్దారు. సరే. ఆపి ఆన్ చేసేదాకా పాత మాటలే అని మీ ప్రోగ్రామరే అన్నాడుగా. ఇలాంటి మెషిన్లు ఇప్పుడు ఎన్ని నడుస్తున్నాయి?"

డైరెక్టర్ తల దించుకున్నాడు.

"ఎన్ని?"

"ముప్పైకి పైనే," అన్నాడు ప్రోగ్రామర్. "ఈ ఆసుపత్రిలోనే ఐదు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసేలోపే నర్సు గది దాటింది. సస్పెండ్ అయినామె, యూనిఫామ్ లేదు. "అన్ని గదుల్లో దుప్పట్లు తియ్యండి! గొట్టాలు చూడండి! స్క్రీన్‌ని నమ్మొద్దు!" అని అరుస్తూ వరండా వెంట పరుగెత్తుతోంది.

చనిపోయినతని భార్య ఒక్క క్షణం నిలబడి చూసింది. తరువాత తనూ ఆమె వెనకే పరుగెత్తింది.