తేటబావి నుంచి తెచ్చుకున్న నొప్పి

శనివారం పొద్దున ఎనిమిది కాకముందే తేటబావి దగ్గర వరస మొదలైంది. పాలకేంద్రం దగ్గర నిలబడ్డంత మామూలుగా నిలబడ్డారు జనం. ఒకాయనకు కొడుకు ఎదురు చెప్పాడట. ఒకావిడను తోడికోడలు నలుగురిలో మాట అందట. ఒక్కొక్కరూ గట్టు మీదుగా వంగి, తమను నొప్పించిన సంగతిని లోపలికి చెబుతున్నారు. అడుగున ఉన్న పాలరంగు వెలుగు మెల్లగా పైకి లేచి, వాళ్ల నుదుటిని తాకి దిగిపోతోంది. తల ఎత్తేసరికి తామెందుకు వచ్చారో వాళ్లకే గుర్తుండదు. బావికాపరి ఆమోసు చెయ్యి పట్టుకుని ఇంటిదారి చూపించి పంపుతున్నాడు.

పన్నెండేళ్ల యెమీమా కాస్త దూరంలో, మంచులో నిలబడి ఇదంతా చూస్తోంది. ఆ పిల్లకూ ఒక బరువుంది. కానీ ఆ బరువు బావి తీసుకునే రకం కాదు.

సముద్రం గోదారి పాయల్లోకి చొచ్చుకొచ్చాక, మునిగిన ఊళ్లవాళ్లు తేలే దిమ్మెల మీద కట్టుకున్న ఊరు నావపాలెం. రాత్రీ పగలూ ఊయలలో ఉన్నట్టే ఉంటుంది. పోయిన ఇళ్లనూ మనుషులనూ తలుచుకుని జనం అన్నం నీళ్లూ మానేస్తుంటే, కొందరు వైద్యులు, పాపం, మంచి మనసుతోనే ఈ బావిని అమర్చారు. మనసును గాయపరిచిన జ్ఞాపకం తలలో ఎక్కడుందో వెతికి, వేళ్లతో సహా తీసి, వెలుగుగా మార్చి దాచే యంత్రం అది. పడ్డ నొప్పిని తీసుకుంటుంది. చేసిన తప్పును మాత్రం ముట్టుకోదు. తప్పు చేసినవాడికి నొప్పేముంటుంది, వాడెందుకొస్తాడు అనుకున్నారు. అంత చదువుకున్నవాళ్లకు ఆ ఒక్క సంగతీ తట్టలేదు.

అందుకే ఆ ఊళ్లో ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. కానీ నడివయసు వచ్చేసరికి అందరి భుజాలూ ఎందుకో వంగిపోయేవి. నీటి తేమ వల్ల అని మందు రాసుకునేవాళ్లు.

నెలలో మొదటి ఆదివారం మందిరంలో ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు, ఎవరినైనా నొప్పించి ఉంటే వెళ్లి సమాధానపడాలని పూర్వం నుంచీ ఆచారం. నావపాలెంలో ఆ ఆచారం పోలేదు, చిక్కిపోయిందంతే. శనివారం నాడు తలుపు తట్టి "ఏమైనా ఉంటే క్షమించండి" అంటారు. లోపలివాళ్లు కూర తిప్పుతూనే "ఏమీ లేదు" అంటారు. నిజంగానే వాళ్లకేమీ ఉండదు. అంతటితో సమాధానం అయిపోయినట్టే.

యెమీమా రేపు మొదటిసారి బల్ల తీసుకోబోతోంది. తెల్లగౌను కుట్టించారు. వాక్యాలన్నీ నోటికొచ్చు. మందిరం అయ్యగారు పరీక్ష పెడితే ఒక్కటీ తప్పలేదు. అయినా వారం రోజులుగా ముద్ద దిగడం లేదు.

సంగతేమిటంటే, పక్కింటి పెర్సీసు ఆ బల్ల మీద పరచడానికని మూడేళ్లపాటు ఒక లేసుగుడ్డ అల్లింది. సన్నటి దారం, ఒకే ఒక్క సూది. అంచు పొడుగునా ద్రాక్షతీగలు. ఒక మధ్యాహ్నం ఆవిడ ఇంట్లో లేనప్పుడు యెమీమా పెట్టె తెరిచి, ఆ గుడ్డను పెళ్లికూతురి ముసుగులా నెత్తిన వేసుకుని నీటి మీది చెక్కబాట వెంట పరుగెత్తింది. మేకుకు తగిలి బారెడు చిరిగింది. ఉప్పునీళ్లలో పడింది. ఆ తడిగుడ్డనే మడిచి, పెట్టెలో పెట్టేసి ఇంటికొచ్చేసింది. పది రోజుల తర్వాత పెర్సీసు పెట్టె తెరిస్తే తీగలన్నీ నల్లగా బూజుపట్టి ఉన్నాయి. ఏదో ఎలుక లోపల దూరి చింపిందనీ, సరిగ్గా ఆరబెట్టకుండా తానే పాడుచేసుకుందనీ ఆవిడ నేల మీద కూలబడి ఏడ్చింది.

ఆ ఏడుపు యెమీమా చూడలేకపోయింది. ఆ ఊరి పిల్ల ఏం చేస్తుందో అదే చేసింది. పెర్సీసు చెయ్యి పట్టుకుని, బుజ్జగిస్తూ తేటబావికి తీసుకెళ్లింది. మంచిపనే చేశాననుకుంది. తనను క్షమించగల ఒకే ఒక్క మనిషిని తన చేత్తోనే లేకుండా చేసుకున్నానని ఇంటికి వచ్చాక గాని ఆ పిల్లకు అర్థం కాలేదు.

ఇప్పుడు యెమీమా వెళ్లి పెర్సీసు తలుపు తట్టింది. ఆవిడ కూరగాయలు తరుగుతూ నవ్వి, ఏమీ లేదులే అంది. యెమీమా కదల్లేదు. ముసుగు దగ్గర్నుంచి బూజు దాకా అంతా చెప్పేసింది. పెర్సీసు కత్తిపీట పక్కన పెట్టి శ్రద్ధగా వింది. ఎవరిదో కథ విన్నట్టు మధ్యలో రెండుసార్లు కళ్లు తుడుచుకుంది.

"మూడేళ్లా? ఆ అల్లినావిడ ఎవరో గాని, పాపం" అంది.

"మీరేనండి పిన్నీ."

పెర్సీసు కాసేపు తన వేళ్లకేసి చూసుకుంది. ఆ వేళ్ల కొసలు ఎందుకంత కాయలు కాసి ఉన్నాయో ఆవిడకు తెలియదు. తర్వాత పిల్ల తల నిమిరి, అలాగైతే క్షమించేశాను, వెళ్లి ఆడుకోమంది. యెమీమా గుమ్మం దాటి మెట్టు మీద కూర్చుంది. లోపల బరువు ఇసుమంతైనా తగ్గలేదు.

గంట తర్వాత బయటికొచ్చిన పెర్సీసు పిల్లను అక్కడే చూసి ఆశ్చర్యపోయింది. క్షమించానన్నాను కదా, ఇంకా ఏం కావాలని అడిగింది.

"మీకు నొప్పే లేదుగా పిన్నీ. దేన్ని క్షమించారు?"

పెర్సీసు మెట్టు మీద పిల్ల పక్కనే కూర్చుంది. మంచులో ఊరు మెల్లగా ఊగుతోంది. కాసేపటికి ఆవిడ లేచి, కొంగు సర్దుకుని, బావికి పద అంది.

వరస అయిపోయి ఆమోసు బావికి మూత వేస్తున్నాడు. తన నొప్పి తనకు తిరిగి కావాలని పెర్సీసు అడిగితే ఆయనకు మొదట అర్థమే కాలేదు. ముప్ఫై ఏళ్లుగా కాపలా కాస్తున్నాడు, ఎవరూ అలా అడగలేదు. దాచినది ఇవ్వడం యంత్రానికి చేతనవును గాని, ఇస్తే మొదటిరోజు ఎంత పచ్చిగా ఉందో అంత పచ్చిగానూ వస్తుందని చెప్పాడు. చక్కగా ఉన్నదానివి, ఎవరైనా కోరి తెచ్చుకుంటారా అని మందలించాడు కూడా.

"సమాధిలోంచి లేచి వచ్చాక కూడా ప్రభువు అరచేతుల్లో గాయాలు అలాగే ఉంచుకున్నాడు కదండీ ఆమోసు గారూ" అంది పెర్సీసు. "చెరిపేసుకోవడం ఆయనకు చేతకాకనా? ఆ చేతులు చూపించి మరీ మీకు సమాధానం కలగాలన్నాడు. అవే లేకపోతే ఆ భయపడ్డ శిష్యులకు ఏం చూపిస్తాడు?"

ఆమోసు మూత తీశాడు.

ఆవిడ వంగింది. అడుగున వేలవేల వెలుగు చుక్కలు, ఊరందరి ఏడుపులూ, నిద్రపోతున్నట్టు మెల్లగా కదులుతున్నాయి. అందులోంచి ఒక్కటి విడివడి, తన మనిషిని గుర్తుపట్టి పైకి వచ్చింది. నుదుటిలో ఇంకిపోయింది. పెర్సీసు గట్టును రెండు చేతులా పట్టుకుంది. ముందు మూడేళ్ల దారమంతా తిరిగి వచ్చింది, ఆ దీపం వెలుగు, ఆ తీగలు, ఆ సంతోషం. తర్వాత బూజు వచ్చింది.

తలెత్తి యెమీమాను చూసింది. ఆ చూపులో పొద్దుటి మంచితనం లేదు. వెనుదిరిగి ఇంటికి వెళ్లిపోయింది.

తన జన్మలో ఎవరూ తన మీద కోపగించడం ఆ పిల్ల ఎరగదు. ఇంటికి పారిపోదామనుకుంది. పారిపోతే రేపు ఆ బల్ల దగ్గరికి ఏ మొహంతో వెళ్తాను అనుకుని, వెనకాలే నడిచింది.

పెర్సీసు చిరిగిన గుడ్డను ఒళ్లో పరుచుకుని నేల మీద కూర్చుంది. నల్లబడ్డ తీగను వేలితో రాస్తోంది. పిల్ల గుమ్మంలో నిలబడింది. పొద్దు వాలేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదే?" అంది చివరికి, తలెత్తకుండా.

"భయమేసిందండి."

"నన్ను నేనే తిట్టుకున్నాను. నువ్వు పక్కనే ఉండి విన్నావు."

"విన్నానండి. నాదే తప్పు పిన్నీ."

పెర్సీసు వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు తగ్గాక చెయ్యి చాపింది. యెమీమా వచ్చి పక్కన కూర్చుంటే, ఆ చిరుగు మీద పిల్ల వేళ్లు పెట్టించి, ఆ పైన తన చెయ్యి పెట్టింది.

"ఇదిగో, ఇంత పాడైంది. ఇదంతా చూసే చెబుతున్నాను. క్షమించాను."

యెమీమా గొల్లుమంది. పొద్దున విన్న మాటే, కాని ఈసారి అది లోపలిదాకా దిగింది. అంత గట్టిగా ఏడవడం ఆ వీధిలో ఎన్నేళ్లుగానో ఎవరూ వినలేదు. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరో అలవాటు కొద్దీ ఇద్దరినీ బావికి తీసుకెళ్లమన్నారు.

"వద్దండి. మమ్మల్ని ఇలాగే ఉండనివ్వండి" అంది పెర్సీసు.

జనం ఇళ్లలోకి వెళ్లిపోయారు. ఎదురింటి తబిత మాత్రం వెళ్లలేదు. డెబ్భై దాటిన మనిషి, వంగిన భుజాలతో కర్ర పట్టుకుని అక్కడే నిలబడింది. గొంతు తగ్గించి అడిగింది.

"మా అన్నకు నేను చేసిందొకటి ఆ బావిలో ఉంది. నలభై ఏళ్లయ్యింది. ఎప్పుడు వెళ్లినా ఏమీ లేదంటాడు. నేనడిగితే తెచ్చుకుంటాడంటావా?"

పెర్సీసు గుండెలో నొప్పి ఇంకా పచ్చిగానే ఉంది. అది తేలికని ఆ ముసలావిడతో అబద్ధమాడటం ఇష్టం లేకపోయింది.

"చాలా నొప్పెడుతుందండి" అంది. "అయినా అడగండి."