ఆరింటి కుళాయి

1983. మే నెల. తెల్లవారుజాము ఐదున్నర.

రాజోలు దగ్గర కాలవ గట్టు మీద ఫిట్టరు గంగయ్య పరిగెడుతున్నాడు.

చేతిలో మూరెడు ఇనప కీ. ఊరి వాటర్ ట్యాంకు వాల్వు తిప్పే కీ అది. ఊళ్ళో అలాంటిది ఒక్కటే ఉంది!

వెనక కాంట్రాక్టరు మనిషి అబ్బులు. చేతిలో కొబ్బరి గెలలు కోసే కత్తి!

"ఆగు బాబాయ్! నరికేస్తాను!"

"నరుకు! ఆరింటికి కుళాయిలు మాత్రం వదలను!"

ఆరింటికి ఊరంతా బిందెలు పడుతుంది. మొదటి బిందె గంగయ్య కూతురు మాణిక్యానిది. ఏడో నెల కడుపు.

కత్తి లేచింది... భుజం చీలింది!

గంగయ్య తూలాడు. కీని బలంకొద్దీ కాలవలోకి విసిరేశాడు.

థప్!

నీళ్ళ చప్పుడు కాదు. బురద చప్పుడు.

వేసంగికి కాలవ నీళ్ళు కట్టేసి పన్నెండు రోజులైంది! ఏడాదంతా నిండు కాలవే ఎరిగిన చెయ్యి... ఆ సంగతి మరిచిపోయింది.

అబ్బులు నవ్వాడు. బురదలో దిగి కీ పీక్కొచ్చాడు. దాంతోనే గంగయ్య మోకాలి మీద కొట్టాడు.

ఎముక పటుక్కుమంది.

జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయాడు.

పంపుహౌసు.

కాంట్రాక్టరు జగ్గారావు స్టూలు మీద కూర్చున్నాడు. ఒళ్ళో డబుల్ బ్యారెల్ తుపాకీ. కిటికీ అవతల మంచినీళ్ళ చెరువు. మొన్నటిదాకా చిక్కటి పచ్చనాచు. ఇవాళ అద్దం!

"చూడవయ్యా ఫిట్టరూ! బస్తాడు మైలుతుత్తం కొట్టించేను. నాచు చచ్చింది. తొమ్మిదింటికి ఇంజనీరుగారొచ్చి మురిసిపోతారు."

"నాచు చచ్చిందండి. దాని కడుపులో విషం చావలేదు. పగిలి నీళ్ళలో కలిసింది. మరగబెట్టినా పోదండి."

"ఫిల్టరుందిగా?"

"ఇసకే ఉంది! ఆ విషాన్ని పట్టేది కొబ్బరిచిప్పల బొగ్గండి. మూడడుగులు పొయ్యాలి. మీరు తట్టెడు కూడా పొయ్యలేదు!"

జగ్గారావు లేచాడు. బూటు విరిగిన మోకాలి మీద ఆనింది... నొక్కింది!

గంగయ్య గావుకేక పెట్టాడు.

"ఎవడు చెప్పేడ్రా నీకు?"

"రెండు కోళ్ళు! ఒకదానికి బొగ్గులో వడకట్టిన నీళ్ళు పెట్టేను. ఇంకోదానికి మీ ఫిల్టరు నీళ్ళు. అదిగో, తలుపు వెనక పడుంది!"

అబ్బులు తలుపు లాగి చూశాడు. కోడి కొయ్యబారి ఉంది.

గోడ గడియారంలో ఆరుకి ఇంకా ఐదు నిమిషాలుంది.

"వాల్వు తిప్పరా అబ్బులూ!"

అబ్బులు కీ తగిలించాడు. తిప్పలేదు.

"అయ్యగారండీ... పోయిన వేసంగి మా పేట చెరువు కూడా రాత్రికి రాత్రి ఇలాగే తేటపడిందండి."

"పడదా మరి? అదీ నేను వేయించిన తుత్తమే!"

అబ్బులు కీ వదిలేసి ఇటు తిరిగాడు.

ఆ వారమే పోయాడు వాడి నాలుగేళ్ళ కొడుకు. కలరా అన్నారు. మరిగించిన నీళ్ళే పట్టామని పెళ్ళాం ఏడ్చింది. ఆవిడ మాట ఎవరూ నమ్మలేదు. అబ్బులూ నమ్మలేదు.

"ఏడ్చేవులే. ముందు వీడి నోరు మూయించు. వీడు ఇంజనీరుగారికి కనపడకూడదు."

జగ్గారావు తుపాకీ అబ్బులు చేతిలో పెట్టాడు.

"కాల్చరా!"

"ఆయ్."

గొట్టం గంగయ్య నుదుటికి ఆనింది. చల్లగా.

గంగయ్య కళ్ళు మూసుకున్నాడు.

"బాబాయ్... బొగ్గు నీళ్ళు తాగిన కోడి?"

"బతికే ఉందిరా. ఇంటి దగ్గర గింజలు తింటోంది."

నుదుటి మీద చల్లదనం పోయింది...

ఢాం!

గంగయ్య కళ్ళు తెరిచాడు.

జగ్గారావు గోడకి కొట్టుకుని కిందికి జారుతున్నాడు. తెల్లలాల్చీ ఎర్రగా తడుస్తోంది.

బయట గేటు కుళాయి దగ్గర బిందెల మోత.

"నాన్నా! ఆరయ్యింది! నీళ్ళేవీ?"

అబ్బులు వాల్వు మీంచి కీ పీకేశాడు.