ఊరందరికీ ఒకటే గీత

ప్రేమకథలో మూత్రం సీసాలేమిటని ముక్కు మూసుకోకండి. నా ప్రేమ మొదలైందే వాటితో. నేనేం చేసేది!

2007 వేసవి. నేను, భానుప్రకాష్, టెక్కలి కుర్రాణ్ణి, చెన్నైలో పరిశోధన వెలగబెడుతున్నాను. గోరంత చిప్పు మీద వెంట్రుక కంటే సన్నని దారి, ఆ దారిలో లేజరు వెలుగు. దారి అంచుకు ప్రోటీను అంటుకుంటే వెలుగు నడక మారి, కంప్యూటర్లో గీత పైకి లేస్తుంది. మూత్రంలో ప్రోటీను పోతోందంటే కిడ్నీల మీద అనుమానమే. ఇంటింటా కిడ్నీ జబ్బులున్న ఉద్దానానికి ఇంతకంటే ఏం కావాలి? కవిటి పక్కన ఓ ఊరి ఆరోగ్య కేంద్రంలో ఆ యంత్రమున్న పెట్టెతో సహా పెళ్లికొడుకులా దిగాను.

సీసాలు పోగుచేసే పని అక్కడి హెల్త్ వర్కర్ ఇందుమతిది.

"ఏటండీ, ఈ పెట్టి మా జబ్బు తగ్గిస్తాదా?" అంది రాగానే.

"తగ్గించదు. ఉందో లేదో చెబుతుంది."

"సెప్పేవోల్లకేం, శానామంది వచ్చెల్లేరు," అని నవ్వింది. ఆ నవ్వుకి లేజరు ఆన్ చేయడం మర్చిపోయి, పెట్టె పాడైందని కాసేపు కంగారుపడ్డాను.

రెండో రోజు మొదటి సీసా పెట్టాను. గీత కదల్లేదు. రెండోది, మూడోది, అన్నీ అంతే. ఊరందరికీ ఒకటే గీత, అచ్చు గుద్దినట్టు! ఉప్పొంగిపోయి మా గైడుకి ఫోన్ కొట్టాను. "నా చిప్పు ఎంత నిలకడగా పనిచేస్తోందో సార్! ఈ ఊళ్లో జబ్బే లేదు!"

వెనక ఇందుమతి చున్నీ నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది.

"బాబూ, అయ్యన్నీ మా పాండుగాడివే. ఆర్మీ సెలక్షన్లో అన్ని టెస్టులూ పాసైనోడు. పొద్దున్నించీ ఆడికి బొండాలు తాగించి అందరూ సీసాలు నింపుకున్నారు."

"ముందే చెప్పొచ్చుగా!"

"ఫోన్లో అంత మురిసిపోతంటే పాపమనిపించింది."

"అసలెందుకిలా చేశారు?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "కిడ్నీ అని పేరొస్తే ఆ ఇంటికి సంబంధాలు రావండి."

నాకు సిగ్గేసింది. తలెత్తలేక సీసాల వైపు చూస్తే, ఒకదాని మీద ఇందుమతి పేరు కనిపించింది.

"ఇదీ పాండుదేనా?"

"ఆడిదే. మా నాన్న కిడ్నీతోనే పోయేడు. మొన్న పలాస సంబంధమోల్లు నన్ను సూడకముందే రిపోర్టు అడిగేరు. ఇవ్వనన్నాను. పౌరుషం కాదండి, భయం."

"నాకు రిపోర్టు అక్కర్లేదు. నేను చేసుకుంటాను మిమ్మల్ని," అనేశాను. వీరుడిలా అందామనుకున్నాను గానీ, గొంతు మేకపిల్లలా వచ్చింది.

ఎగాదిగా చూసింది. "జాలా?"

"కాదు, ప్రేమ!"

"అయితే ముందు మీ సీసా పట్టండి. మీరెప్పుడైనా ఈ టెస్టు సేయించుకున్నారా?"

ఎందుకు చేయించుకుంటాను? చేసేవాణ్ణి కదా! ధీమాగా పట్టుకొచ్చి చిప్పు మీద చుక్క వేశాను.

గీత లేచింది.

చిప్పు మార్చాను. మళ్లీ లేచింది. నోరు పిడచగట్టుకుపోయింది. ఇంతసేపూ ఊరివాళ్ల మీద విసుక్కున్న నాకు, నిజం చెబుతున్నాను, ఆ క్షణాన ఒక పాండు కావాలనిపించింది. ఇక ఈమె నన్నెందుకు చేసుకుంటుంది?

"నేనన్న మాట వెనక్కి తీసుకోను," అన్నాను కుర్చీలో కూలబడి. "కానీ మీరిప్పుడు వద్దన్నా తప్పులేదు."

"నాకూ మీ రిపోర్టు అక్కర్నేదు," అంది ఇందుమతి. "నేను సేసుకుంటాను మిమ్మల్ని."

అని ఊరుకోలేదు. బయటికెళ్లి, ఈసారి తన సీసా తెచ్చింది. ఇచ్చేటప్పుడు వెంటనే వదల్లేదు. నేను వేయబోతే చుక్క సగం బల్ల మీదే పడింది. ఇద్దరం తెరకేసి చూస్తూ కూర్చున్నాం.

గీత కదల్లేదు. గట్టిగా ఏడ్చేసింది పిచ్చిపిల్ల.

మర్నాడు విశాఖలో పెద్ద డాక్టరు దగ్గరికి తనే లాక్కెళ్లింది. జబ్బు నీళ్లవల్లే అంటారని ఉద్దానం నీళ్లంటే భయపడి, మండుటెండలో రెండు రోజులు సరిగ్గా నీళ్లే తాగలేదని చెబితే, ఆయన నా చదువునంతా కలిపి తిట్టాడు. పరీక్షలన్నీ మళ్లీ చేయించాడు. ఏ జబ్బూ లేదు, నీళ్లు తక్కువై మూత్రం చిక్కబడితే లేచిన గీత అది.

వరండాలో ఉక్కపోత. రిపోర్టు ఇందుమతి చేతిలో పెట్టాను. విప్పనైనా విప్పకుండా దాంతో విసురుకోవడం మొదలుపెట్టింది.

"చదవవా?"

"ఏటికి? నిన్ననే ఒప్పేసుకున్నాను గదా. మీ అమ్మగారికి ఏటి సెప్పాలో అది ఆలోసించండి," అంటూ, ఆ కాగితంతో నాకు కూడా విసరసాగింది.